నల్ల పట్టీ, పసుపు ముక్క

భూలక్ష్మి ఎప్పుడూ బండ్లు పోయే వైపే నడుస్తుంది. కూతురు రవళిని గోడ పక్కన పెట్టుకుని, ఎడమచేత్తో పిల్ల బ్యాగు పట్టీ పట్టుకుని, వచ్చే బస్సును ఒంటిచేత్తో ఆపేస్తానన్నట్టు కుడిచెయ్యి కాస్త బయటికి చాపి నడుస్తుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టలో బడి దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రవళి తొమ్మిదో తరగతి. తల్లికంటే రెండు వేళ్ళు ఎత్తు. దారిలో తోటి పిల్లలు కనబడితే బ్యాగు సర్దుకున్నట్టు చేసి పట్టీ విడిపించుకుంటుంది. వాళ్ళు దాటిపోగానే తల్లి చెయ్యి మళ్ళీ అక్కడికే చేరుతుంది.

సోమవారం పొద్దున మెట్రో స్తంభాల పక్కన నడుస్తూ రవళి ఆ కాయితం సంగతి మళ్ళీ ఎత్తింది. తెలుగు చెప్పే మంజూష మేడమ్ క్లాసులో అందరికీ ఒక నవల చదవమని ఇచ్చింది. చదివి, అందులోని సారాన్ని ఉత్త ఆకారాలతో చూపించాలి. గుండ్రం, చతురస్రం, త్రికోణం, అంతే. మనుషుల బొమ్మలు ఉండొద్దు, చెట్టూ ఇల్లూ ఉండొద్దు, ఒక్క అక్షరం రాయొద్దు. బాగా చేసిన ముగ్గురిని శనివారం మాసబ్ ట్యాంక్ దగ్గరి బొమ్మల కాలేజీకి తీసుకుపోతారు. వేరే బళ్ళ పిల్లలు కూడా వస్తారు, అక్కడి సార్లు ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడతారు. పొద్దున పోతే సాయంత్రం ఐదింటికి రాక. ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి.

ఆ కాయితం వారం నుంచి భూలక్ష్మి దగ్గరే ఉంది. రోజూ చూద్దాంలే అంటూ వస్తోంది. మాసబ్ ట్యాంక్ చౌరస్తాలో ఎన్ని దిక్కుల నుంచి బండ్లు వస్తాయో ఆమెకు తెలుసు. ఆ వ్యాను నడిపేది ఎవరో తెలియదు. అక్కడ నీళ్ళు ఎక్కడివి, బాత్రూములు ఎక్కడ, సాయంత్రం లెక్కపెట్టుకుని ఎక్కించుకుంటారా లేదా. ఇవన్నీ అడిగింది. 

"సంతకం పెడితివా అమ్మా?" అన్నది రవళి బడి గేటు దగ్గర, ఆఖరుకు.

"చూద్దాం తీ."

రవళి తలూపి లోపలికి పోయింది.

మైత్రీవనం వెనక సందులో జానకీదేవి మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్స్. ముందు కౌంటర్లో జానకీదేవి కూర్చుంటుంది, వెనక భాగంలో రెండు మిషన్ల మధ్య భూలక్ష్మి. ఫాల్ కుట్టడం, పోగులు లేవకుండా అంచులకు ఓవర్‌లాక్ చేయడం ఆమె పని. ఇంట్లో ఒకటే గది కాబట్టి రవళి తన బొమ్మ పని ఈ కొట్లోనే చేసుకుంటోంది. కింద పడ్డ ముక్కల సంచి ఎలాగూ ఉంది. బడి నుంచి వచ్చి ఒక గంట కింద కూర్చుని ముక్కలు కత్తిరించుకుని, వాటికి చేత్తో టాకాలు వేసి, చుట్ట చుట్టి అరమీద పెట్టి, పై అంతస్తులో ట్యూషన్‌కు పోతుంది. ఏం చేస్తున్నావే అంటే, అయినంక చూద్దువు అంటుంది.

ఆ సాయంత్రం పిల్ల మెట్లెక్కగానే భూలక్ష్మి ఆ చుట్ట తీసి టేబుల్ మీద పరిచింది.

మూరెడు తెల్ల గుడ్డ. దాని మీద రవళి నల్ల పాప్లిన్ పట్టీని గుండ్రంగా తిప్పి, దూరం దూరంగా టాకాలతో నిలిపింది. ఆ చుట్టు పూర్తిగా కలవలేదు. పైన ఒకచోట తెగి ఉంది. రెండు కొసల దగ్గరా గుడ్డ పోగులు పోగులుగా లేచి, ఎవరో పళ్ళతో చింపినట్టు వేలాడుతోంది. చుట్టు లోపల పసుపు పట్టు ముక్క, త్రికోణం. దాని మొన ఆ సందులోంచి అర అంగుళం బయటికి పొడుచుకొచ్చింది.

 మొన్ననే భూలక్ష్మి ఫోన్లో ఒక వీడియో వచ్చింది. పిల్లలు నల్లరంగు ఎక్కువ వాడుతుంటే తల్లిదండ్రులు కళ్ళు తెరవాలని అందులో ఎవరో డాక్టరమ్మ చెప్పింది. అది చాలదన్నట్టు, మైత్రీవనం పక్క కాంప్లెక్సులో లిఫ్టు నడిపే తన మొగుడు మొగిలయ్య రోజుకో కబురు మోసుకొస్తాడు: హాస్టల్ పిల్ల ఒకతి చెప్పకుండా పోయిందట, కోచింగ్‌కు వచ్చిన ఇంకో పిల్ల అన్నం మానేసిందట. నల్లటి చుట్టు, దాన్ని చించుకుని పోతున్న పసుపు ముక్క. పిల్ల మనసులో ఏముంది? ఎవరైనా ఏమైనా అన్నారా? ఎక్కడికి పోదామనుకుంటోంది?

భయపడ్డప్పుడు ఆమె చేతులు ఊరుకోవు. ముందు పట్టీని వేలితో సాపు చేసింది. అది సాపు కాలేదు. గుండ్రంగా తిరగాల్సిన పట్టీని ఉరేబుగా, అంటే గుడ్డకు అడ్డంగా ఏటవాలుగా కత్తిరించాలి. పిల్ల నిలువుగా కత్తిరించింది, అందుకే లోపలి అంచు ముడతలు పడింది. ఇంత సుత చెప్పలేదు దీనికి నేను అనుకుంది. రేపు మేడమ్ ముందర పెట్టే పని. ఫలానా కుట్టుపని ఆమె బిడ్డ అని తెలిసినవాళ్ళు ఈ పోగులు చూస్తే ఏమంటారు?

టాకాలు విప్పింది. వేలాడే పోగులను కత్తెరతో తెగ్గోసింది. రెండు కొసలూ కలిపి జాయింట్ వేసింది. పట్టీ రెండు అంచులకూ ఓవర్‌లాక్ చేసింది, త్రికోణం మూడు పక్కలా కూడా. ఇస్త్రీ చేసి, నల్ల చుట్టును ఎక్కడా సందు లేకుండా పరిచి కుట్టింది. పసుపు ముక్కను సరిగ్గా నడిమధ్యన పెట్టి, చుట్టూ చిన్న కుట్టుతో బిగించింది. మొన ఎటూ తగలకుండా నాలుగు వైపులా సమానంగా జాగా వచ్చింది. అప్పుడు ఆమెకు ఊపిరి ఆడింది.

జానకీదేవి కౌంటర్ మీంచి తొంగి చూసి మెచ్చుకుంది. "ఏంటి భూలక్ష్మీ, దిండు గలీబా?"

"బడిల బొమ్మమ్మా."

"గలీబుకే బాగుంటుంది," అంది జానకీదేవి.

భూలక్ష్మి దాన్ని గట్టిగా చుట్టి, నలగకుండా ఫాల్ ముక్కతో కట్టి, రవళి అడిగితే నా సంచిలో పెట్టిన, పొద్దున ఇస్తలే అన్నది. మంగళవారం బడి గేటు దగ్గరే చేతిలో పెట్టింది. విప్పకు, క్లాసులనే విప్పు, ఇస్త్రీ పోతది అని కూడా చెప్పింది.

సాయంత్రం గేటు ముందు నిలబడి, పిల్ల ముఖం ఎలా ఉంటుందా అని చూసింది. రవళి అందరితోపాటే వచ్చింది. చంకలో చుట్ట ఉంది. తల్లి బ్యాగు పట్టీ పట్టుకుంటే వద్దనలేదు, తోటి పిల్లలు దాటుతున్నా విడిపించుకోలేదు. అది చూసే భూలక్ష్మికి భయం వేసింది. ఏమైంది, మేడమ్ ఏమన్నది అని నిమ్స్ దాటేదాకా అడుగుతూనే ఉంది. ఏం లేదు అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు.

సంగతి చెప్పింది యశస్విని. రవళి క్లాసుపిల్ల, ట్యూషన్ కూడా కలిసే. రవళి ముందే పైకి పోయింది కనుక మెట్ల దగ్గర ఆగి, ఆంటీ అంటూ మొదలుపెట్టింది. రవళి ఆ గుడ్డ అందరి ముందూ విప్పిందట. విప్పి, కొంచెంసేపు అట్లనే చూస్తూ నిలబడిందట. మేడమ్ వచ్చి అంచులు వేలితో తడిమి, ఇది మిషన్ పని, పెద్దవాళ్ళు చేసింది అన్నదట. ఏటా ఇదే తంతు, పిల్లలకు ఇస్తే తల్లులు చేసి పంపుతున్నారు అన్నదట. ఎవరు చేశారు అని రెండుసార్లు అడిగితే రవళి నోరు తెరవలేదట. ఆకారాల అర్థమైనా చెప్పమంటే అదీ చెప్పలేదట. ముగ్గురిలో దాని పేరు వేయలేదట.

"మీరు చేసిన్రని చెప్తే అయిపోవు గదా ఆంటీ. అది చెప్పలే," అన్నది యశస్విని. చెప్పి గబగబా పైకి పోయింది.

భూలక్ష్మి మిషన్ ముందు కూర్చుంది. పెడల్ మీద కాలు పెట్టింది కానీ తొక్కలేదు. ఒకవైపు, మంచిదే అయింది, మాసబ్ ట్యాంక్ తిప్పలు తప్పినయి అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

బుధవారం రవళి ఆ గుడ్డను ఇంట్లో మంచం కింద పెట్టి బడికి పోయింది. దాని పక్కనే లైబ్రరీ అట్ట వేసిన నవల ఉంది. భూలక్ష్మి ఏడో తరగతితో చదువు ఆపింది. ఆ తర్వాత చదివిందల్లా కొలతల పుస్తకం, కరెంటు బిల్లు. ఆ నవలను సంచిలో వేసుకుని కొట్టుకు పోయింది. పిల్ల బుర్రలోకి ఆ నల్లరంగు ఎక్కించింది ఈ పుస్తకమే అయితే దాని సంగతి తేల్చాలి.

వేలు పెట్టి చదివింది. ఒక ఫాల్‌కూ ఇంకో ఫాల్‌కూ మధ్య రెండేసి పేజీలు. జానకీదేవి రెండుసార్లు దగ్గింది, మూడోసారి ఏంటి భూలక్ష్మీ పరీక్షలా అని ఎగతాళి చేసింది. ఆ తర్వాత తనే రెండు చీరలు పక్కకు జరిపి పెట్టింది.

కథలో గోదారి ఒడ్డున పడవ నడిపే మనిషి, అతని పెళ్ళాం. పెద్దకొడుకు ఆడుకుంటూ ఏట్లో పోయాడు. ఆ తర్వాత పుట్టిన ఆడపిల్ల నడుముకు తల్లి ఒక తాడు కట్టి, రెండో కొస పంచలో గుంజకు కట్టేస్తుంది. పిల్ల పెరిగేకొద్దీ తాడు కూడా పొడుగు చేస్తుంది. ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు. పిల్ల నడుము చుట్టూ చర్మం నల్లబడి వలయం పడుతుంది. భూలక్ష్మికి ఇందులో తప్పేమీ కనబడలేదు. ఏరు పక్కనే ఉంటే ఎవతైనా అదే చేస్తుంది. ఆ నవ్వేవాళ్ళ పిల్లలు పోతే తెలుస్తుంది అనుకుంది. బుధవారం సాయంత్రానికి సగం అయింది.

గురువారం మధ్యాహ్నం వరద వచ్చింది. నీళ్ళు పంచలోకి, అరుగు మీదికి, గుంజ సగందాకా వచ్చాయి. పదహారేళ్ళ పిల్ల తాడు నిడివి ఎంతో అంతవరకే పైకి తేలగలుగుతోంది. తల్లి కొడవలి పట్టుకుని నీళ్ళలో దిగి, మునిగి, తాడు కోసేసింది. కోసిన తాడు కొస పోగులు పోగులుగా విడిపోయి నీళ్ళమీద తిరుగుతోందని రాసి ఉంది. పిల్ల చీకట్లో కనబడకుండా పోయింది. అక్కడితో కథ అయిపోయింది.

భూలక్ష్మి వెనక అట్ట తిప్పి చూసింది. పేజీలు ఎవరైనా చింపేశారేమోనని కుట్టు దగ్గర వేలితో తడిమింది. కుట్టు గట్టిగానే ఉంది. మళ్ళీ ఆఖరి రెండు పేజీలూ మొదటినుంచి చదివింది. తర్వాత పుస్తకం మూసి, ముక్కల సంచి దగ్గరికి పోయి, సోమవారం తాను తెగ్గోసిన నల్లపోగుల కోసం వెతికింది. చెత్త ఎత్తే ఐలయ్య పొద్దున్నే పాత ముక్కలన్నీ తీసుకుపోయాడు.

ఆ పూట ఇంట్లో అన్నం పెడుతూ ఊరుకోలేకపోయింది. మంగళవారం నుంచి వాళ్ళిద్దరి మధ్య తిన్నవా, పోదామా అన్న మాటలే నడుస్తున్నాయి.

"ఆ పిల్ల బతికిందా?"

రవళి కంచంలోంచి తలెత్తింది. ఏ పిల్ల అని అడగలేదు. "రాయలేదమ్మా."

"రాయకపోతే ఎట్ల? ఈత రాదు గద దానికి."

"ఎవరన్న నేర్పిస్తే గద వచ్చేది," అన్నది రవళి. ఆ మాట అని, పెరుగు కలుపుకుని తిని లేచిపోయింది.

మొగిలయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరి పిల్లే, ఎక్కడ జరిగింది అని అడిగాడు. 

శుక్రవారం రవళిని గేటులోకి పంపి భూలక్ష్మి వెనక్కు తిరగలేదు. సంచిలో గుడ్డచుట్ట ఉంది, చిన్న కత్తెర ఉంది, కుట్టు విప్పే పుల్ల ఉంది. ఆఫీసులో చీటీ రాయించుకుని స్టాఫ్ రూం బయట నిలబడింది. బడి లోపలికి ఆమె ఏడాదికి ఒక్కసారి, మార్కుల కాయితం కోసం వస్తుంది. వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పాలా వద్దా అన్న సందేహం. ఈసారీ విప్పింది.

మంజూష మేడమ్ చేతిలో నోట్‌బుక్కుల దొంతరతో వచ్చి, చూసి, కూర్చోమంది. మనిషి కోపిష్ఠి కాదు, అలసిపోయినట్టుంది. భూలక్ష్మి కూర్చోకుండానే గుడ్డ టేబుల్ మీద పరిచింది.

"మీ అమ్మాయే చేసిందని చెప్పడానికి వచ్చారా? ఈ అంచు చూశారా అమ్మా మీరు?"

"చూసిన మేడమ్. కుట్టు నాదే. కింద ఉన్నది దానిది."

మేడమ్ ఇంకేదో అనబోయేలోపే భూలక్ష్మి కత్తెర, పుల్ల తీసి, తెల్ల గుడ్డకు బిగించిన కుట్లు విప్పి పట్టీనీ పసుపు ముక్కనూ విడదీసింది. ఓవర్‌లాక్‌లో మూడు దారాలు ఉంటాయి. సూదిదారం ఏదో కనిపెట్టి కొస కత్తిరించి లాగితే మిగతా రెండూ వాటంతటవే ఊడి వస్తాయి. అలవాటు లేనివాళ్ళు గంటసేపు పీకుతారు. ఆమె గోటితో తడిమి, పట్టుకుని, ఒక్క లాగు లాగింది. నల్ల అంచు పొడుగునా కుట్టు ఊడి, ముడతల దారమై చేతిలోకి వచ్చింది. రెండో అంచు. తర్వాత పసుపు ముక్క మూడు పక్కలా. చివరికి తాను వేసిన జాయింట్ విప్పింది. పట్టీ కొసల దగ్గర అడ్డపోగులు నాలుగైదు లాగి పడేస్తే, నిలువుపోగులు మళ్ళీ కుచ్చులా వేలాడాయి. మేడమ్ నోట్‌బుక్కులు పక్కన పెట్టి చూస్తోంది. అటుగా వచ్చిన ఇంకో టీచర్ కూడా ఆగింది.

పట్టీని గుండ్రంగా పెట్టబోతే అది కలవలేదు. సోమవారం తెగ్గోసినందుకూ, జాయింట్‌లో పోయినందుకూ పొట్టిదైపోయింది. రవళి వదిలిన సందు రెండు వేళ్ళు ఉంటే ఇప్పుడు నాలుగు వేళ్ళు ఉంది.

"ఖరాబ్ చేసిన," అన్నది భూలక్ష్మి. "గింత సందు లేకుండె."

"నవల మీరు చదివారా?"

"చదివిన మేడమ్. ఆఖరుది రెండుసార్లు."

"అయితే ఈ చుట్టు ఏంటంటారు? అమ్మాయి చెప్పలేదు నాకు."

భూలక్ష్మి తల దించి పట్టీనే సర్దుతోంది. "మొదలు ఏరు అనుకున్న. కాదు. తాడు. అది కట్టింది తల్లే, కోసింది సుత తల్లే. నా బిడ్డ కోసిన కాడికి చూపెట్టింది. నేను మళ్ళ కుట్టిన."

 మేడమ్ పట్టీ తెగిన కొసను వేలితో తడిమి, అటెండర్‌ను పిలిచి, నైన్త్ బి నుంచి రవళిని పంపమంది. తర్వాత మెల్లగా చెప్పింది. మూడో పేరు ఇంకా పంపలేదు, మధ్యాహ్నం దాకా టైముంది. కానీ సంతకం కాయితం లేకుండా తానేం చేయలేదు. అందరి కాయితాలూ తీసుకుంటూ రవళిని సోమవారమే అడిగింది. "మా అమ్మ పంపదు మేడమ్ అంది. వేరేవాళ్ళను తీసుకెళ్ళమంది."

"సోమవారమా?"

"సోమవారం పొద్దున."

సోమవారం పొద్దున. అంటే గేటు దగ్గర చూద్దాం తీ అన్న కాసేపటికే. ఆ సాయంత్రం కూడా పిల్ల కింద కూర్చుని, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, టాకా మీద టాకా వేసింది. పోనని తెలిసే వేసింది.

భూలక్ష్మి సంచిలోంచి బాబిన్ల డబ్బా తీసింది. మూత కింద నాలుగు మడతలుగా ఆ కాయితం ఉంది. విప్పితే మడతల్లోంచి గుడ్డకు గీతలు గీసే నీలం చాక్‌పీసు పొడి రాలింది. దులిపి, టేబుల్ మీద పెట్టి, పెన్ను అడిగింది. పేరు ఎక్కడ రాయాలో మేడమ్ వేలితో చూపించింది. భూలక్ష్మి అక్షరం అక్షరం కూడగట్టి రాసింది. రాస్తుండగానే వ్యాను నడిపేది ఎవరు అని అడిగింది. ముప్పై ఏళ్ళ నుంచి బడి వ్యాను నడుపుతున్న హనుమత్ప్రసాద్ గారే అని మేడమ్ చెప్పింది. ముప్పై ఏళ్ళంటే కళ్ళు సరిగ్గా కనబడతాయా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

రవళి వచ్చి గుమ్మంలో ఆగింది. తల్లి ఉత్తకాళ్ళు చూసింది, టేబుల్ మీద విప్పిన గుడ్డ చూసింది, సంతకం చూసింది. దగ్గరికి వచ్చి పట్టీని తనవైపు తిప్పుకుంది. ఆ నాలుగు వేళ్ళ సందును బొటనవేలితో కొలిచింది. పసుపు ముక్కను తీసి, కాసేపు పట్టుకుని, ఈసారి మొన ఒక్కటే కాదు, సగం ముక్క సందు బయటికి వచ్చేలా పెట్టింది.

తెల్ల గుడ్డ నడిమధ్యన సూది పొడిచిన చిన్న చిన్న రంధ్రాలు మిగిలాయి. పసుపు ముక్క లేకపోయినా అది కూర్చున్న చోటు మూడు గీతలుగా కనబడుతోంది. భూలక్ష్మికి అది కంట్లో నలుసులా ఉంది.

"నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేస్తే పోతయి. జానకమ్మ దగ్గరికి తీస్కపోయి గంటల తెస్త."

"ఉండనీ అమ్మా," అన్నది రవళి.

సూది అడిగింది. భూలక్ష్మి సంచిలోంచి తీసి ఇచ్చింది. దారం కూడా ఎక్కించి ఇవ్వబోయి, ఆగి, ఉండ పక్కన పెట్టింది. రవళికి దారం మూడోసారికి ఎక్కింది. టాకాలు వంకరగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. భూలక్ష్మి తన చేతులు రెండూ సంచి కింద పెట్టుకుని నిలబడింది.

శనివారం ఎనిమిదింటికి వ్యాను బడి ముందు ఆగి ఉంది. భూలక్ష్మి వాటర్ బాటిల్ రెండోది కూడా ఇచ్చింది. మేడమ్ నంబరు ఒక చీటీ మీద, మొగిలయ్య నంబరు ఇంకో చీటీ మీద రాసి రెండు జేబుల్లో పెట్టించింది. హనుమత్ప్రసాద్ కళ్ళద్దాలు చూసి, అవి దూరానివా దగ్గరివా అని అడిగింది. దూరానివేనమ్మా అన్నాడాయన, ఆమె భయం అర్థమైనవాడిలా, ఏమాత్రం నొచ్చుకోకుండా. రవళి కిటికీ పక్క సీట్లో కూర్చుని గుడ్డచుట్టను ఒళ్ళో నిలబెట్టుకుంది. చెయ్యి బయట పెట్టకు, మేడమ్ పక్కనే ఉండు, ఎవరేమిచ్చినా తినకు. ఇవన్నీ చెప్పాలనే నోరు తెరిచింది. వ్యాను కదిలింది.

"పైలం బిడ్డా," అన్నది, వెళ్ళిపోతున్న వ్యాను వెనక అద్దంతో.

అమీర్‌పేట వైపు తిరిగి నడిచింది. ఎర్రమంజిల్ దగ్గర ఉంటారా ఇప్పుడు. కాదు, ఇంకా సిగ్నల్ దగ్గరే ఉండి ఉంటారు. ఐదింటికి అన్నారు, అంటే ఆరవచ్చు. ఆరు దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. చీటీలు రెండూ పిల్ల జేబుల్లోనే పెట్టింది, తనకంటూ మేడమ్ నంబరు రాసుకోలేదు. కాళ్ళు ఒక్కక్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.

వెనక నుంచి గంపలో కూరలు మోసుకొస్తున్న ముసలామె గట్టిగా అరిచింది. "జర లోపల్కి నడువరాదమ్మా. అంత జాగ ఇడిసిపెట్టి బండ్లల్ల నడుస్తవేంది, తగుల్తది."

భూలక్ష్మి తల తిప్పి చూసింది. ఎడమచెయ్యి ఒట్టి గాలిలో, పట్టీ పట్టుకునే ఎత్తులోనే ఉంది. ఆ చేతికీ గోడకీ మధ్య ఒక మనిషి నడిచేంత జాగా ఖాళీగా ఉంది.

చెయ్యి దించింది. ఒక అడుగు పక్కకు వేసి ఆ జాగాలోకి వచ్చింది.